కళ్ళు మూసుకున్నా కాలు తడబడకుండా: దేహస్థితి జ్ఞానాన్ని ఇంట్లోనే పరీక్షించుకుని మెరుగుపరచుకోవడం ఎలా?

తలంటు పోసుకునేటప్పుడు షాంపూ నురగ కళ్ళలోకి పోకుండా రెప్పలు గట్టిగా మూసుకుని, బకెట్లో తేలుతున్న మగ్గు కోసం చేయి చాచి, నీళ్ళు ముంచి తలమీద పోసుకునే పనిని మనం ఏ ఆలోచనా లేకుండా చేసేస్తాం. ఆ కాసేపూ తడి గచ్చు మీద ముందుకు వంగి నిలబడి ఉంటాం, చూపు సాయం ఉండదు, అయినా మోచెయ్యి ఎంత ముడుచుకుంది, మగ్గు సగం నిండిందా పూర్తిగా నిండిందా, ఒంటి బరువు ఏ పాదం మీద ఎక్కువగా ఉంది అనే సంగతులు శరీరానికి తెలుస్తూనే ఉంటాయి. ఈ తెలివిడి సన్నగిల్లిన మనిషి తూలిపడడానికి ఎక్కువ అవకాశం ఉన్నది కూడా ఇలాంటి చోటే. ఇంట్లో పెద్దవాళ్ళు బాత్రూంలో పడ్డారంటే నేరమంతా సబ్బు నీళ్ళ మీద మోపి రబ్బరు పట్టా కొనుక్కొస్తాం గానీ, కళ్ళు మూసుకున్నప్పుడు పాదాలు ఎక్కడున్నాయో వారికి తెలుస్తోందా లేదా అని అడిగేవాళ్ళు అరుదు.

శరీరం తన భంగిమను తెలుసుకోవడానికి మూడు వైపుల నుంచి సమాచారం సేకరిస్తుంది. ఒకటి చూపు, రెండోది లోపలి చెవి, మూడోది కండరాలు, కీళ్ళు, చర్మం కలిసి పంపే సమాచారం. ఈ మూడోదాన్నే ప్రొప్రియోసెప్షన్ అంటారు. ఇంగ్లండుకు చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్ 1906లో ఆ పేరును వాడుకలోకి తెచ్చారు. ఈ వ్యాసంలో దాన్ని దేహస్థితి జ్ఞానం అని పిలుచుకుందాం. మూడింటిలో ఒకటి బలహీనపడినప్పుడు మిగతావి, ముఖ్యంగా కళ్ళు, ఆ లోటును కప్పిపుచ్చుతాయి. అందుకే పట్టపగలు, చదునైన నేల మీద, రోజూ తిరిగే ఇంట్లో నడుస్తున్నంత కాలం లోపం ఉన్న సంగతి ఆ మనిషికే తెలియకపోవచ్చు. ఇక్కడ చెప్పబోయే పద్ధతికంతటికీ ఇదే ఆధారం: పరీక్షించేటప్పుడు కళ్ళ సాయాన్ని తీసేయాలి, సాధన చేసేటప్పుడు దాన్ని కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోవాలి.

ముందుగా లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి

దాదాపు ప్రతి కండరం లోపలా, మామూలు కండర పోగుల పక్కనే, ఒక సన్నని తొడుగులో ఇమిడి ఉన్న ప్రత్యేకమైన పోగులు ఉంటాయి. మధ్యలో కాస్త ఉబ్బి, కొసలు సన్నగా ఉండే వాటి ఆకారాన్ని బట్టి వాటికి మజిల్ స్పిండిల్స్ అని పేరు పెట్టారు. కండరం ఎంత పొడవుకు సాగింది, ఎంత వేగంగా సాగుతోంది అనే రెండు విషయాలనూ ఇవి తెలియజేస్తాయి. కండరం ఎముకను పట్టుకునే టెండన్ దగ్గర ఉండే గాల్జీ అవయవాలు కండరం ఎంత బలంగా లాగుతోందో చెబుతాయి, మగ్గు నిండిందో లేదో తెలిసేది ప్రధానంగా వీటి వల్లనే. కీళ్ళ చుట్టూ ఉన్న గ్రాహకాలు కీలు తన కదలిక చివరి అంచుకు చేరినప్పుడు ఎక్కువగా స్పందిస్తాయి, అరికాలి చర్మం ఒంటి బరువు మడమ మీదకు పోతోందా వేళ్ళ మీదకు పోతోందా అన్నది గమనిస్తూ ఉంటుంది.

కీలు ఎంత వంగిందో తెలిపేది కీలులోని గ్రాహకాలేనని చాలాకాలం భావించారు. 1972లో గుడ్విన్, మెక్లోస్కీ, మాథ్యూస్ అనే ముగ్గురు పరిశోధకులు కళ్ళు మూసుకున్న వ్యక్తి మోచేతి దగ్గర కండర టెండన్ మీద సెకనుకు సుమారు 100 సార్లు కంపించే యంత్రాన్ని ఆనించారు. చేయి కదలకపోయినా, కంపనం వల్ల స్పిండిల్స్ ‘కండరం సాగుతోంది’ అని తప్పుడు కబురు పంపడంతో, తన చేయి చాచుకుపోతోందని ఆ వ్యక్తికి అనిపించింది. భంగిమ తెలియడంలో కండరాలదే పెద్ద పాత్ర అని ఆ ప్రయోగంతో తేలిపోయింది. ఇక కండరం సాగడమనే భౌతికమైన మార్పును నాడీ సంకేతంగా మార్చే ప్రోటీన్లలో ముఖ్యమైనది పియెజో2. ఈ పియెజో ప్రోటీన్లను కనుగొన్నందుకే ఆర్డెమ్ పటపూషియన్ 2021 నోబెల్ బహుమతిని డేవిడ్ జూలియస్‌తో కలిసి పంచుకున్నారు.

స్పిండిల్స్ నుంచి బయలుదేరే నాడీ తంతువులు ఒంట్లోకెల్లా లావైనవి, సంకేతాలను సెకనుకు 80 నుంచి 120 మీటర్ల వేగంతో మోసుకుపోతాయి. మంటలాంటి మొండి నొప్పిని మోసే అతి సన్నని తంతువుల వేగం సెకనుకు రెండు మీటర్లకు మించదు. ఈ తేడాను గుర్తుంచుకోవాలి, ఎందుకంటే లావు తంతువులు మాత్రమే దెబ్బతిన్న మనిషికి గుచ్చితే నొప్పి తెలుస్తుంది, కాళ్ళలో బలం ఉంటుంది, కాలు ఎక్కడుందో మాత్రం తెలియదు. 1971లో 19 ఏళ్ళ బ్రిటిష్ యువకుడికి జ్వరం వచ్చిన తర్వాత మెడ కింది భాగమంతటా సరిగ్గా ఇదే జరిగింది. కండరాల్లో శక్తి ఏమాత్రం తగ్గకపోయినా మొదట్లో ఆయన కూర్చోలేకపోయాడు. తన కాళ్ళూ చేతులనూ కళ్ళతో చూసుకుంటూ, ప్రతి కదలికనూ ముందుగా ఆలోచించుకుంటూ, నెలల తరబడి శ్రమించి నడవడం నేర్చుకున్నాడు. గదిలో దీపం ఆరిపోతే మాత్రం కుప్పకూలేవాడు.

ఈ సమాచారం వెన్నుపాము వెనుక భాగంలోని దారుల గుండా మెదడుకు చేరుతుంది. దానిలో కొంత మెదడు వెనుక, కింది వైపున ఉండే అనుమస్తిష్కానికి (సెరెబెల్లమ్) పోతుంది. మనిషి మెదడులోని సుమారు 86 వందల కోట్ల నాడీకణాల్లో దాదాపు 69 వందల కోట్లు ఆ చిన్న భాగంలోనే ఉన్నాయంటే, కదలికలను సరిచూసే పని ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు. కొన్ని సంకేతాలు మెదడు దాకా పోకుండా వెన్నుపాములోనే తిరుగుబాట పడతాయి. డాక్టరు సుత్తితో మోకాలి కింద తట్టగానే తొడ కండరం 20, 30 మిల్లీసెకన్లలోనే స్పందించేది ఈ దగ్గరి దారి వల్లే. అదే కంటితో చూసి కాలు కదపాలంటే సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. పగిలిన ఫుట్‌పాత్ పలక మీద మడమ మెలిక పడబోయే క్షణంలో కళ్ళు ఎంత చురుగ్గా ఉన్నా ప్రయోజనం తక్కువని దీన్ని బట్టి అర్థమవుతుంది.

మొదటి మెట్టు: చోటును, తోడును సిద్ధం చేసుకోండి

హాల్లో రెండు గోడలు కలిసే మూలను ఎంచుకుని, ఆ మూలకు వీపు పెట్టి, ముందు బరువైన కుర్చీ ఒకటి వీపు మీ వైపు ఉండేలా వేసుకోండి. ఎటు తూలినా గోడకో కుర్చీకో చేయి అందుతుంది. మన ఫ్లాట్లలో వేసే నునుపైన టైల్స్ మీద సాక్సు జారుతాయి కనుక వట్టి కాళ్ళతోనే నిలబడాలి. బాల్కనీ, మేడ, మెట్ల దగ్గర ఈ పరీక్షలు చేయకూడదు. ఇంట్లో ఒకరు పక్కనే ఉండాలి, వారి చేతిలో ఫోన్ స్టాప్‌వాచ్ ఉంటే చాలు. ఇటీవల పడిపోయినవాళ్ళు, లేవగానే కళ్ళు తిరిగేవాళ్ళు, గర్భిణులు నిలబడి చేసే పరీక్షలను డాక్టరు గానీ ఫిజియోథెరపిస్టు గానీ ఉన్నప్పుడే చేయాలి. ఏమీ తినకుండా, నిద్ర చాలకుండా చేస్తే ఫలితాలు తారుమారవుతాయి.

రెండో మెట్టు: చేతులతో మొదలుపెట్టండి

కూర్చుని కళ్ళు మూసుకోండి. చేయి పక్కకు పూర్తిగా చాచి, చూపుడు వేలితో ముక్కు కొనను తాకండి. ఇది అందరికీ తెలిసిన పరీక్షే, తేలికైనది కూడా. ఎందుకంటే చేతిని మీరే కదుపుతున్నారు గనుక దాన్ని ఎక్కడికి పంపారో మెదడుకు ముందే తెలుసు.

అసలు పరీక్ష దీని తర్వాతిది. కళ్ళు మూసుకుని ఎడమ చేతిని పూర్తిగా వదులుగా ఉంచండి. తోడుగా ఉన్నవారు ఆ చేతిని తమకు నచ్చిన ఎత్తుకు, నచ్చిన వైపుకు నెమ్మదిగా కదిపి అక్కడే పట్టుకుని ఉంచాలి. ఇప్పుడు మీరు కుడిచేతి వేళ్ళతో ఎడమచేతి బొటనవేలిని ఒక్కసారిగా వెళ్ళి పట్టుకోవాలి. చేయి నేరుగా బొటనవేలి మీదకు వెళ్ళినా, కాస్త పక్కకు పడి వెంటనే సర్దుకున్నా చింతించనక్కరలేదు. గాలిలో తడుముకుంటూ, ముందు మోచెయ్యి దొరికితే దాన్ని పట్టుకుని అక్కణ్ణుంచి మణికట్టు మీదుగా పాకుతూ బొటనవేలిని చేరుకుంటున్నట్లయితే, ఎడమ చేతి నుంచి రావలసిన సమాచారం సరిగా రావడం లేదన్నమాట. లోపం ఉన్నది వెతుకుతున్న చేతిలో అని చాలామంది పొరబడతారు, అది కదలకుండా ఉన్న చేతిది. చేతులు మార్చి మళ్ళీ చేయండి.

మూడో మెట్టు: కాలి బొటనవేలిని అడగండి

పొడవైన నరాలు ముందు దెబ్బతింటాయి కాబట్టి మధుమేహం వంటి జబ్బుల్లో లోపం తొలుత పాదాల్లో కనిపిస్తుంది. కాళ్ళు చాచుకుని పడుకుని కళ్ళు మూసుకోండి. తోడున్నవారు మీ కాలి బొటనవేలిని అటూ ఇటూ ఉన్న పక్కలను పట్టుకోవాలి. పైనా కిందా పట్టుకుంటే ఏ వైపు నొక్కుతున్నారో చర్మానికి తెలిసిపోయి పరీక్ష చెడిపోతుంది. మిగతా వేళ్ళకు తగలకుండా, ఒక్క సెంటీమీటరు లోపే, పైకో కిందికో కదిపి ఎటు కదిపారని అడగాలి. వరుసగా పైకీ కిందికీ కదపకుండా క్రమం మార్చుతూ పదిసార్లు అడిగి, సరైన జవాబులు ఎన్నో రాసిపెట్టాలి. ఊహించి చెప్పినా సగం సరిపోతాయి కనుక ఐదో ఆరో రావడాన్ని ఉత్తీర్ణత కింద లెక్కించకూడదు. ఆరోగ్యంగా ఉన్నవారు సాధారణంగా పదీ చెప్పగలుగుతారు.

నాలుగో మెట్టు: కళ్ళు మూసుకుని నిలబడండి

రెండు పాదాలూ దగ్గరగా చేర్చి, చేతులు ఒంటికి ఆనించి, ముందు కళ్ళు తెరిచి 30 సెకన్లు నిలబడండి. తూలకుండా నిలబడగలిగితేనే కళ్ళు మూసుకుని మరో 30 సెకన్లు నిలబడండి. ఒళ్ళు కొద్దిగా ఊగడం సహజం, అందరికీ ఊగుతుంది. నిలదొక్కుకోవడానికి అడుగు వేయవలసి రావడం, కుర్చీ పట్టుకోవలసి రావడం మాత్రం లెక్కలోకి వస్తుంది. 19వ శతాబ్దంలో బెర్లిన్ వైద్యుడు మోరిట్జ్ రోంబర్గ్ వెన్నుపాము వెనుక దారులు దెబ్బతిన్న రోగుల్లో గమనించి చెప్పిన పరీక్ష ఇదే, నేటికీ నరాల డాక్టర్లు దీన్ని ఆయన పేరుతోనే చేస్తున్నారు. ముఖం కడుక్కుందామని వాష్‌బేసిన్ మీదకు వంగి కళ్ళు మూసుకోగానే ముందుకు తూలిపోయే రోగుల గురించి వైద్యులకు బాగా తెలుసు.

కళ్ళు తెరిచి ఉన్నప్పుడే నిలబడలేకపోతే ఈ పరీక్ష అక్కడితో ఆపేయండి. ఆ సమస్య అనుమస్తిష్కానికి, కాళ్ళ బలహీనతకు లేదా మరో కారణానికి సంబంధించినది కావచ్చు, దాన్ని డాక్టరుకు వదిలేయాలి. కళ్ళు తెరిచినప్పుడు చక్కగా నిలబడి, మూయగానే తూలితే మాత్రం కళ్ళు ఇన్నాళ్ళూ ఏదో లోటును కప్పుతూ వచ్చాయని గ్రహించండి. ఆ లోటు పాదాల సమాచారంలో ఉండవచ్చు, లోపలి చెవిలోనూ ఉండవచ్చు.

చెవి వంతును విడిగా చూడడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. దినపత్రికను చేయి పొడవు దూరంలో పట్టుకుని, తల కదపకుండా, కాగితాన్ని కుడీ ఎడమలకు గబగబా ఆడించండి, అక్షరాలు అలుక్కుపోతాయి. ఇప్పుడు కాగితాన్ని కదపకుండా పట్టుకుని, ‘కాదు కాదు’ అన్నట్టుగా తలను అదే వేగంతో ఆడించండి, అక్షరాలు నిలకడగా కనిపిస్తాయి. లోపలి చెవిలోని మూడు అర్ధవర్తులాకార కుల్యలు తల ఎటు తిరిగితే కళ్ళను దానికి ఎదురు దిశలో తక్షణమే తిప్పడం వల్ల ఇది సాధ్యమవుతుంది. తల ఆడించినప్పుడు కూడా అక్షరాలు అలుక్కుపోతే చెవి డాక్టరును కలవండి. మెడ నొప్పి ఉన్నవారు ఈ ఒక్కదాన్ని వదిలేయవచ్చు.

ఐదో మెట్టు: మెదడు ముందుచూపును గమనించండి

దీనికి లావుపాటి పుస్తకం ఒకటి కావాలి. అరచేయి పైకి ఉండేలా చేయి ముందుకు చాచి, దాని మీద పుస్తకం పెట్టుకుని కళ్ళు మూసుకోండి. తోడున్నవారిని చెప్పకుండా దాన్ని తీసేయమనండి, బరువు పోగానే మీ చేయి చటుక్కున పైకి ఎగురుతుంది. మళ్ళీ పెట్టుకుని, ఈసారి మీ రెండో చేత్తో మీరే తీయండి, మొదటి చేయి ఉన్నచోటే ఉంటుంది. రెండో చేతికి ‘ఎత్తు’ అని ఆజ్ఞ ఇస్తూనే మొదటి చేతి కండరాన్ని ఎంత సడలించాలో మెదడు లెక్క కట్టేసింది. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ నిండుగా ఉందనుకుని లాగినప్పుడు, అది ఖాళీది కావడంతో చేయి గాలిలోకి లేచిపోయిన అనుభవం మనలో చాలామందికి ఉంటుంది, అక్కడ తప్పింది ఈ లెక్కే.

హైదరాబాద్ మెట్రోలో రోజూ తిరిగేవారు దీన్ని ఇంకో రూపంలో చూసి ఉంటారు. అమీర్‌పేట వంటి పెద్ద స్టేషన్లో ఎస్కలేటర్ ఆగిపోయి ఉందని కళ్ళారా చూస్తూ, అది మామూలు మెట్లలాంటిదేనని తెలిసి కూడా దాని మీద అడుగు పెట్టగానే ఒళ్ళు ముందుకు తూలుతుంది. కదిలే మెట్టు మీదకు ఎక్కే అలవాటున్న శరీరం తనంతట తాను ముందుకు వంగి సిద్ధపడడమే దీనికి కారణం. లండన్ పరిశోధకులు 2003లో కదిలే బల్ల సాయంతో దీన్ని ప్రయోగశాలలో తిరిగి పుట్టించి, మనకు తెలిసిన విషయం వేరు, శరీరం నేర్చుకున్న విషయం వేరు అని చూపించారు. సాధనకు ఇది ఎంతో పనికొచ్చే సంగతి. నిలకడను గురించి చదివితే నిలకడ రాదు, కాళ్ళు దాన్ని చేసి నేర్చుకోవలసిందే.

ఎప్పుడు డాక్టరు దగ్గరకు వెళ్ళాలి

కాలి వేలి పరీక్షలో తడబడినా, కళ్ళు మూయగానే నిలబడలేకపోయినా సాధన మొదలుపెట్టే ముందే వైద్యుణ్ణి కలవండి. మధుమేహం ఉన్నవారికి ఇంకో గుర్తు చెబుతాను, దీన్ని అన్ని పరీక్షల కన్నా ఎక్కువగా నమ్మవచ్చని నా అభిప్రాయం. నడుస్తుండగా హవాయి చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియక, వెనుక వస్తున్నవారు చెబితేనో, నేల చల్లగా తగిలితేనో తెలుస్తోందంటే పాదాల నరాల పరీక్షను ఇక వాయిదా వేయకూడదు.

విటమిన్ బి12 లోపం కూడా వెన్నుపాములోని ఈ దారులనే దెబ్బతీస్తుంది. బి12 మాంసం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగుల్లో ఉంటుంది గానీ కూరగాయల్లో ఉండదు. శాకాహారులు, అందులోనూ పాలు పెరుగు తక్కువగా తీసుకునేవాళ్ళు, మధుమేహానికి చాలా ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్ళు రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది. తొలిదశలో పట్టుకుంటే చికిత్స సులువు, ఆలస్యమైతే పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. నరాల డాక్టరు 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కును మోగించి మీ కాలి ఎముక మీద ఆనించి, కంపనం తెలుస్తోందా అని అడుగుతారు. నొప్పి ఉండదు, కొద్ది నిమిషాల పని. నడక ఒక్కసారిగా తూలినా, ఒక వైపు చేయీ కాలూ పట్టు తప్పినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతం కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. పక్క మీద అటునుంచి ఇటు ఒత్తిగిలినప్పుడు మాత్రమే గది గిర్రున తిరిగితే అది తరచుగా లోపలి చెవిలోని కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు తమ చోటు నుంచి కుల్యల్లోకి జారడం వల్ల వచ్చేది, తలను ఒక క్రమంలో తిప్పించి డాక్టర్లు దాన్ని సరిచేస్తారు.

ఆరో మెట్టు: సాధన

మొదటి వారం రోజూ అదే మూలలో, పాదాలు దగ్గరగా చేర్చి, ఒక్క చూపుడు వేలిని గోడకు తాకించి నిలబడండి. ఆనుకోకూడదు, తాకాలంతే. వేలు గోడ మీద 100 గ్రాముల బరువంత కూడా నొక్కకుండా తాకినా ఒంటి ఊగిసలాట గణనీయంగా తగ్గుతుందని జెకా, లాక్నర్ అనే పరిశోధకులు 1994లో చూపించారు. అంత తేలికపాటి తాకిడి ఒంటి బరువును మోయలేదు, అయినా వేలికొన చర్మం ఒళ్ళు ఎటు ఒరుగుతోందో చెబుతుంది, మెదడు ఆ కబురుతో కాళ్ళను సర్దుకుంటుంది. మెట్లు దిగేటప్పుడు పెద్దవాళ్ళను ‘గట్టిగా పట్టుకో’ అనడం సరైనదే, మామూలు గదిలో నడిచేటప్పుడు గోడ మీద వేలు ఆడిస్తూ వెళ్ళమనడం కూడా అంతే ఉపయోగం. ఈ భంగిమలో కళ్ళు తెరిచి 30 సెకన్లు, మూసి 30 సెకన్లు, అలా మూడుసార్లు చేయండి. తర్వాత వేలు తీసేసి చేయండి.

అది కుదిరాక ఒక పాదం మడమ రెండో పాదం వేళ్ళకు తగిలేలా ఒకే గీత మీద నిలబడండి. నేల టైల్స్ మధ్య గీత ఇందుకు సరిగ్గా పనికొస్తుంది, ఆ గీత వెంబడే నడక కూడా సాధన చేయవచ్చు. ఆ తర్వాత ఒంటికాలి మీద నిలబడడం. వృక్షాసనం తెలిసినవారు అదే వేయవచ్చు గానీ, పాదాన్ని మోకాలి కీలు మీద కాకుండా దాని కిందో పైనో ఆనించాలి. దీనికోసం వేరే సమయం పెట్టుకోనక్కరలేదు. పళ్ళు తోముకునేటప్పుడు, వంటింటి గట్టు పక్కన నిలబడి కుక్కరు విజిల్ కోసం చూస్తున్నప్పుడు చేస్తే ఏ రోజూ తప్పదు. ఒంటికాలి మీద కళ్ళు మూయడాన్ని అన్నిటికన్నా చివర, అదీ చేయి కుర్చీ మీద ఉంచి మాత్రమే ప్రయత్నించండి. ఆరోగ్యవంతులకు కూడా అది కష్టమే.

ఇక నేలను కష్టపెట్టండి. బొంతను నాలుగు మడతలు పెట్టి దాని మీద రెండు కాళ్ళతో నిలబడితే మెత్తదనం వల్ల అరికాలి సమాచారం మసకబారుతుంది, మడమ కండరాలూ లోపలి చెవీ ఎక్కువ పని చేయవలసి వస్తుంది. దాని మీద నిలకడ వచ్చాక తలను నెమ్మదిగా కుడికీ ఎడమకూ తిప్పండి. ఆ తర్వాత తల తిప్పుతూనే మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వరకు మెట్రో స్టేషన్ల పేర్లు వరుసగా చెప్పండి. చూడడానికి ఇది ఆటలా ఉంటుంది గానీ నిజ జీవితంలో మనం పడిపోయేది నిలబడడం గురించి ఆలోచిస్తున్నప్పుడు కాదు, ఫోన్లో మాట్లాడుతూనో కూరగాయల బేరం చేస్తూనో ఉన్నప్పుడు. ఇలా రెండు పనులూ కలిపి చేయడాన్ని శరీరానికి అలవాటు చేయకపోతే మిగతా సాధనంతా సగమే.

బోనాల పండుగలో, ఆషాఢ మాసపు రద్దీలో, కుండ మీద దీపం వెలుగుతుండగా, పట్టుకోకుండానే బోనం ఎత్తుకుని నడిచే ఆడవాళ్ళను గమనించండి. మెడలోని లోతైన చిన్న కండరాల్లో స్పిండిల్స్ చాలా దట్టంగా ఉంటాయి. ఆ సమాచారమూ లోపలి చెవి సమాచారమూ కలిస్తేనే తల ఒంటి మీద ఎలా నిలిచి ఉందో మెదడుకు తెలుస్తుంది. కింద నడుమూ కాళ్ళూ ఊగుతున్నా పైన తల నిశ్చలంగా ఉండడంలోనే ఆ నైపుణ్యమంతా ఉంది. తలమీద పలుచని పుస్తకం పెట్టుకుని హాల్లో ఆ చివరి నుంచి ఈ చివరికి నడవడం దీనికి ఇంటి సాధన.

వారానికి రెండు మూడు రోజులైనా మట్టి దారి మీద నడవండి. కేబీఆర్ పార్కులోనో ఇందిరా పార్కులోనో ఎగుడుదిగుడుగా ఉన్న నేల ప్రతి అడుగులో మడమను కొద్దిగా వేరుగా వంచుతుంది, సిమెంటు బాట అలా చేయదు. పాదాల్లో స్పర్శ తగ్గిన మధుమేహ రోగులు మాత్రం చెప్పులు లేకుండా ఎక్కడా, ఇంట్లో కూడా, నడవకూడదు. మడమ బెణికినవారు వాపు, నొప్పి తగ్గగానే పని అయిపోయిందని అనుకుంటారు. బెణుకులో ఎముకలను కలిపి పట్టి ఉంచే సంధిబంధనాలతో (లిగమెంట్లతో) పాటు అక్కడి గ్రాహకాలు కూడా దెబ్బతినడం వల్ల ఆ పాదం మళ్ళీ మెలిక పడే అవకాశం ఎక్కువగా ఉంటుంది, పైన చెప్పిన ఒంటికాలి సాధన దాన్ని తగ్గిస్తుంది. ఫిజియోథెరపిస్టు అనుమతి ఇచ్చిన రోజు నుంచి ఆ కాలితోనే ఎక్కువసేపు చేయండి.

సిటీ బస్సులో నిలబడి వెళ్ళేవారికి ఒక మాట. బస్సు ప్రధానంగా ముందుకూ వెనక్కూ కుదుపుతుంది గనుక పాదాలను బస్సు వెళ్ళే దిశలో ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ పెట్టుకోవాలి, మోకాళ్ళు కొద్దిగా వంచి ఉంచాలి. రెండు పాదాలూ పక్కపక్కనే పెట్టుకుని ముందుకు చూస్తూ నిలబడితే బ్రేకు పడగానే ఆపుకోవడానికి చోటు ఉండదు. కడ్డీ పట్టుకోవడం మానేసి దీన్ని సాధనగా చేసుకోవద్దు.

ఇంటిని కూడా కొద్దిగా మార్చండి

సాధన ఫలితమివ్వడానికి వారాలు పడుతుంది, ఇల్లు మార్చడానికి ఒక పూట చాలు. పడకగది నుంచి బాత్రూం దాకా రాత్రంతా వెలిగే చిన్న దీపం పెట్టండి, కరెంటు పోయినా వెలిగేది అయితే ఇంకా మేలు. బాత్రూం గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి, తువ్వాలు వేసుకునే రాడ్డు బరువును ఆపదు. దేహస్థితి జ్ఞానం తగ్గినవారు ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చునే తలంటు పోసుకోవాలి. మడమ వెనుక పట్టీ ఉన్న, అడుగు పలుచగా, గట్టిగా ఉన్న చెప్పులు వాడండి. మెత్తటి లావు అడుగులు హాయిగా ఉంటాయి గానీ నేల గురించి పాదానికి తెలియవలసిన విషయాన్ని మధ్యలోనే మింగేస్తాయి.

ఆరు వారాల తర్వాత అదే మూలలో, అదే సమయంలో, అదే వ్యక్తి తోడుగా మూడు, నాలుగు మెట్ల పరీక్షలు మళ్ళీ చేసి పాత కాగితంతో పోల్చుకోండి. నిలబడగలిగిన సెకన్లు పెరిగి, కాలి వేలి జవాబులు మారకుండా ఉండడం సాధారణంగా జరిగేదే. పాడైన నరం బాగుపడకపోయినా, మిగిలిన సమాచారంతోనే నెట్టుకురావడం మెదడు నేర్చుకుందన్నమాట, సాధన కొనసాగించవచ్చు. వేలి జవాబులు మొదటిసారి కన్నా తగ్గితే సాధన సరిపోలేదని అనుకుని ఇంకా ఎక్కువ చేయకండి, రెండు కాగితాలనూ తీసుకుని నరాల డాక్టరు దగ్గరకు వెళ్ళండి.